ముందు మోయాలి, తర్వాత పరుగెత్తాలి: విద్యుత్ పికప్ ట్రక్కు టైర్లపై పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడి విద్యుత్ పికప్ ట్రక్కులు కొన్న మన పాఠకులు ఈ మధ్య వరుసగా టైర్ల గురించి రాస్తున్నారు. 2022, 2023 సంవత్సరాలలో కొన్న బండ్లతో వచ్చిన మొదటి టైర్లు అరిగిపోయి, కొత్తవి వేయించుకోవలసిన సమయం చాలామందికి ఒకేసారి వచ్చినట్టుంది. అంగడికి వెళ్తే పెట్రోలు ట్రక్కులకు టైర్లు అమ్మిన అలవాటుతోనే సలహాలు ఇస్తున్నారనీ, ఇద్దరిని అడిగితే మూడు రకాల మాటలు వినబడుతున్నాయనీ ఉత్తరాలలో ఫిర్యాదులున్నాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. అక్కడి బండ్ల మీద ఎలాంటి కొలతలు ముద్రించి ఉంటాయో పోల్చి చూసుకొనేందుకు వీలుగా ఎక్కువగా మైళ్లు, పౌన్లు, పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)లలోనే రాశాను.

ప్రశ్న: అయ్యా, నా దగ్గర 2023 నాటి రివియన్ ఆర్1టి ఉంది. నాలుగు మోటార్లు, 21 అంగుళాల చక్రాలు. రోజుకు డెబ్బై మైళ్లు ఆఫీసుకు వెళ్లి వస్తాను. ఏడాదికి రెండుసార్లు పిల్లలతో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు వెళ్తాం. 20 అంగుళాల ఆల్-టెర్రైన్ (రోడ్డు లేని చోట కూడా నడిచే) టైర్ల సెట్టుకు మారమని మిత్రుడు పట్టుబడుతున్నాడు. రిమ్ము చిన్నదైతే రేంజి (ఒక్క చార్జికి నడిచే దూరం) పెరుగుతుందని కూడా అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: మీ మిత్రుడి మాట చాలా బండ్ల విషయంలో నిజమే కాని మీ బండి విషయంలో తలకిందులైంది. మీ బండికే పెద్ద బ్యాటరీతో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చిన అంకెలు ఇవి: 21 అంగుళాల రోడ్డు టైర్లతో 328 మైళ్లు, 22 అంగుళాల స్పోర్ట్ టైర్లతో 303 మైళ్లు, 20 అంగుళాల ఆల్-టెర్రైన్ టైర్లతో 289 మైళ్లు. మూడింటిలో చిన్న రిమ్మే అన్నిటికంటే వెనకబడింది. 21 నుంచి 20కి మారితే పోయేది 39 మైళ్లు, అంటే దాదాపు పన్నెండు శాతం. 20 అంగుళాల సెట్టుతో పది నుంచి పదిహేను శాతం రేంజి తగ్గుతుందని కంపెనీ కూడా మొదటినుంచీ చెబుతూనే ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే రిమ్ము సంగతి కాసేపు పక్కన పెట్టి, టైరుతో కలిపి మొత్తం చక్రాన్ని కొలవాలి. 20 అంగుళాల రిమ్ముకు వేసే టైరు 275/65 ఆర్20. ఇందులో 275 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం ఎత్తున్న సైడ్‌వాల్ (టైరు పక్కగోడ). ఆ లెక్కన సైడ్‌వాల్ ఎత్తు 179 మిల్లీమీటర్లు, చక్రం మొత్తం వ్యాసం 865 మిల్లీమీటర్లు అవుతాయి. మీ ఇప్పటి 275/55 ఆర్21 టైరుకు సైడ్‌వాల్ 151, వ్యాసం 836. కాబట్టి మీరు వేసుకోబోయేది చిన్న రిమ్మున్న పెద్ద చక్రం. దానితో పాటు దాని మీద లోతైన గాడుల మధ్య, మన లారీవాళ్లు బటన్ టైరు అనే తీరులో, దిమ్మెల్లాంటి రబ్బరు గడులు ఉంటాయి.

రబ్బరు నేలకు ఆనిన చోట నలిగి, పైకి లేవగానే తిరిగి సాగుతుంది. నలగడానికి ఖర్చయిన శక్తిలో కొంత తిరిగి రాకుండా వేడిగా పోతుంది. ఇరవై మైళ్లు నడిపి దిగాక టైరు మీద చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం బ్యాటరీ నుంచి వచ్చిందే. గడులు ఎంత పెద్దవైతే, ఎంత మెత్తగా ఊగితే ఆ వేడి అంత ఎక్కువ. ఒక చిన్న లెక్క వేద్దాం. మనుషులతో కలిపి బండి బరువు 3,300 కిలోలనీ, రోడ్డు టైరు దొర్లుడు నిరోధం (దొర్లేటప్పుడు టైరు వెనక్కి లాగే బలం) బరువులో 0.8 శాతమనీ, ఆల్-టెర్రైన్ టైరుది 1.1 శాతమనీ అనుకుందాం. ఆ 0.3 శాతం తేడాకు బండిని వెనక్కి లాగే బలం సుమారు 97 న్యూటన్లు పెరుగుతుంది. మైలు దూరానికి అది 43 వాట్-గంటల అదనపు ఖర్చు. హైవే మీద మైలుకు 450 వాట్-గంటలు తాగే బండికి ఇది పదో వంతుకు దగ్గరగా వస్తుంది. గాలిని చీల్చుకొని పోయే భారం దీనికి అదనం. ఈపీఏ అంకెలలో కనిపించే తేడా గాలిలోంచి ఊడిపడలేదని చెప్పడానికే ఈ లెక్క.

ఇందులో మరో చిక్కు కూడా ఉంది. పెద్ద చక్రం ఒక తిప్పుకు మూడున్నర శాతం ఎక్కువ దూరం వెళ్తుంది. కొత్త కొలతను బండి సాఫ్ట్‌వేర్‌కు తెలియజెప్పకపోతే మీరు 103 మైళ్లకు పైగా వెళ్లినా మీటరు 100 అనే చూపిస్తుంది, వేగం కూడా ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. టైర్లు మార్చగానే రేంజి కుప్పకూలిందని గగ్గోలు పెట్టేవారిలో కొందరు నిజంగా పోయిన మైళ్లతో పాటు ఈ లెక్కతప్పును కూడా టైరు ఖాతాలోనే వేస్తుంటారు.

ఇక బిగ్ బెండ్ సంగతి. ఎత్తైన, మందమైన సైడ్‌వాల్ విలువ తెలిసేది అక్కడే. పార్కులోని చదును చేసిన మట్టిరోడ్ల మీద మీ 21 అంగుళాల టైర్లు నెమ్మదిగా నడిపితే చాలు. ఓల్డ్ ఓర్ రోడ్డు వంటి రాళ్ల దారులు పట్టాలనుకుంటే మాత్రం పొట్టి సైడ్‌వాల్ టైరు రాతి అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగి తెగే ప్రమాదం ఉంది. అక్కడ టైరు తెగితే సహాయం రావడానికి గంటలు పడుతుంది. మీరు ఆ దారులు పట్టరనే అనుకుంటున్నాను. ఏడాదిలో పది రోజుల కోసం మిగిలిన మూడువందల యాభై అయిదు రోజులూ పన్నెండు శాతం పన్ను కట్టడం నాకు సబబుగా తోచదు. నిజంగా రాళ్లలోకి వెళ్లే అలవాటు ఉన్నవారైతే వారికి నా జవాబు వేరుగా ఉంటుంది. ఆ పన్నెండు శాతాన్ని సంకోచించకుండా చెల్లించి 20 అంగుళాల సెట్టు తీసుకోవాలి.

ప్రశ్న: అయ్యా, మాది ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ లారియట్, టైరు కొలత 275/60 ఆర్20. 28,000 మైళ్లకే టైర్లు అరిగిపోయాయి. నా పాత పెట్రోలు ట్రక్కు టైర్లు దీనికి రెట్టింపు నడిచాయి. ఒక అంగడిలో అదే కొలతలో చౌక టైర్లు చూపించారు. ఇంకో అంగడిలో పది ప్లైల (పొరల) ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లే వేయాలన్నారు. వేసవిలో 5,000 పౌన్ల పడవను లాగుతాం. ఏది సరైనది?
— ఒక పాఠకుడు, ట్రాయ్, మిచిగన్

జవాబు: రెండు అంగళ్లూ మిమ్మల్ని అడగవలసిన ప్రశ్నను అడగలేదు. ఆ ప్రశ్న ఏమిటంటే, మీ వెనక ఇరుసు మీద నిజంగా ఎంత బరువు పడుతోంది? విద్యుత్ ట్రక్కుకు టైరు ఎంచుకోవడం అక్కడినుంచే మొదలు కావాలి. రేంజి ఆ తర్వాత, అందం అన్నిటికంటే చివర. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద కనిపించే పలకలో ముందు ఇరుసు, వెనక ఇరుసు మోయగల గరిష్ఠ బరువులు, టైరు కొలత, చల్లగా ఉన్నప్పుడు ఉండవలసిన గాలి ఒత్తిడి రాసి ఉంటాయి. అంగడివాడి మాట కంటే, నా మాట కంటే ఆ పలకకే విలువ ఎక్కువ.

టైరు మీద కొలత పక్కనే 115, 116 వంటి అంకె ఉంటుంది. అది లోడ్ ఇండెక్స్. 115 అంటే ఒక్కో టైరు 1,215 కిలోలు, అంటే సుమారు 2,679 పౌన్లు మోస్తుంది. 116 అంటే 1,250 కిలోలు, 2,756 పౌన్లు. అయితే ఎల్‌టీ అన్న అక్షరాలు లేని టైరు కారు తరగతికి చెందినది. దానిని ట్రక్కుకు వేసినప్పుడు ఆ సామర్థ్యాన్ని 1.10తో భాగించి చూడాలని అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణం చెబుతుంది. ట్రక్కు మీద బరువు ఒక పక్కకు ఒరగడం, గుంతలలో ఎగిరిపడటం ఎక్కువ కాబట్టి ఈ జాగ్రత్త. ఆ లెక్కన 115 టైరు 2,435 పౌన్లకు దిగుతుంది, ఇరుసుకు రెండు టైర్లు కలిపి 4,870 పౌన్లు. 116 అయితే 5,010. ఇండెక్సులో ఒక్క అంకె తేడాకు ఇరుసు మీద 140 పౌన్లు, అంటే ఒక మనిషి బరువంత తేడా వస్తోంది. చౌక టైరు మీద ఉన్న అంకె మీ పాత టైరు అంకె కంటే తక్కువైతే, కొలత అదే అయినా అది మీ టైరు కాదు.

పడవ సంగతికి వస్తే, లాగే బరువులో పది నుంచి పదిహేను శాతం ట్రక్కు కొక్కెం మీద పడుతుంది. 5,000 పౌన్లకు అది 500 నుంచి 750 పౌన్లు. అది వెనక ఇరుసుకు వెనుక వేలాడుతుంది కాబట్టి తూగుడుబల్ల మీద లాగా ముందు ఇరుసును తేలికచేసి, తన బరువుకు మించి వెనక ఇరుసు మీద మోపుతుంది. అంచనాలతో సరిపెట్టుకోకుండా వేసవి ప్రయాణానికి సామాను, మనుషులు, పడవ అన్నీ ఎక్కించుకొని దారిలోని ట్రక్కు స్టాపులో కాటా వేయించండి. ఇరుసువారీగా బరువు చీటీ ఇస్తారు. పది నిమిషాల పని, కొద్ది డాలర్ల ఖర్చు.

ఇక పది ప్లైల ఎల్‌టీ. ఇదే కొలతలో వచ్చే ఈ తరగతి టైరు మీద సాధారణంగా 123/120 అని ఉంటుంది. 123 అంటే 1,550 కిలోలు. కాని ఆ సామర్థ్యం 80 పీఎస్ఐ గాలి నింపినప్పటిది. మీ పలకలో రాసిన ఒత్తిడికే నింపితే ఎల్‌టీ టైరు పాత టైరు మోసినంత కూడా మోయకపోవచ్చు. టైరు తయారీదారుల దగ్గర బరువుకు తగిన గాలి పట్టిక ఉంటుంది. దాన్ని చూసి ఒత్తిడి పెంచాలి, పెంచితే కుదుపులూ పెరుగుతాయి. ఒక్కో టైరు బరువు పది పౌన్లకు అటూఇటూ పెరగడం, రేంజి తగ్గడం మామూలే. వేసవిలో మాత్రమే పడవ లాగే మీకు ఇంత బరువైన టైరు అవసరం లేదు. కాటా చీటీలో వెనక ఇరుసు బరువు పలకలోని హద్దుకు లోపలే ఉంటే, 116 లేదా అంతకంటే ఎక్కువ ఇండెక్సు ఉన్న ఎక్స్‌ఎల్ (అదనపు బరువు మోసే) గుర్తు టైరు మీకు నా సలహా. మామూలు టైరులో 36 పీఎస్ఐ దాటి గాలి నింపినా మోసే శక్తి పెరగదు. ఎక్స్‌ఎల్ టైరు 42 వరకు లెక్కలోకి వస్తుంది. విద్యుత్ బండ్ల బరువు చూసి ఇంకో మెట్టు పైన హెచ్‌ఎల్ అనే తరగతిని కూడా తెచ్చారు. 2021లో పిరెల్లి దీన్ని మొదట లూసిడ్ ఎయిర్ కారుకు చేసింది.

మీ టైర్లు తొందరగా అరగడానికి టైరు నాసిరకమే కారణం కానవసరం లేదు. బండి బరువైనది, మోటారు తొక్కగానే పూర్తి బలం ఇస్తుంది, కాలు తీసినప్పుడు మోటారే బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపే రీజెన్ బ్రేకింగు కూడా టైరు ద్వారానే నేలను పట్టుకొంటుంది. బ్రేకు ప్యాడ్ల దగ్గర మిగిలిన డబ్బు టైర్ల అంగడికి చేరుతోందన్న మాట. అయిదారు వేల మైళ్లకొకసారి టైర్లను ముందువెనకలు మార్చడం పెట్రోలు బండికి మంచి అలవాటు అయితే, ఈ బండికి తప్పనిసరి. రివియన్ ఉన్నవారికి ఇక్కడే ఒక మాట: నాలుగు మోటార్ల ఆర్1టిలో కన్సర్వ్ మోడ్ పెడితే వెనక మోటార్లు విడిపోయి ముందు చక్రాలే బండిని లాగుతాయి. రేంజి కోసం ఎప్పుడూ అదే మోడ్‌లో నడిపేవారి ముందు టైర్లు వెనకవాటికంటే ఎంతో ముందుగా అరిగిపోతాయి.

ప్రశ్న: అయ్యా, మా పక్కింటాయన తన జీఎంసీ సియెరా 1500 అమ్మేస్తూ దాని 22 అంగుళాల అలాయ్ చక్రాలు నాకు తక్కువ ధరకు ఇస్తానంటున్నారు. నా లైట్నింగ్‌కూ ఆరు బోల్టులే. చిన్న అడాప్టరు వేస్తే సరిపోతుందని ఒక మెకానిక్ అన్నాడు. తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: తీసుకోవద్దు. ఆరు బోల్టులు రెండింటికీ ఉన్నా, అవి కూర్చున్న వలయం వ్యాసం ఫోర్డుకు 135 మిల్లీమీటర్లు, సియెరాకు 139.7 మిల్లీమీటర్లు. చూపుకు తెలియని ఆ 4.7 మిల్లీమీటర్లే సమస్యంతా. అడాప్టరు వేస్తే చక్రం బయటికి జరుగుతుంది, బేరింగు మీద వంగుడు బలం పెరుగుతుంది, బిగించవలసిన నట్లు రెట్టింపవుతాయి. మూడు టన్నుల బండికి ఇలాంటి అతుకులు నేను ఒప్పుకోను.

ఇది చదివి వేరే చక్రాలు కొనాలనుకొనేవారు చూడవలసినవి బోల్టుల వలయంతో అయిపోవు. చక్రం వెనకవైపు పోతలో గరిష్ఠ లోడు ముద్రించి ఉంటుంది. అది మీ బరువైన ఇరుసు హద్దులో కనీసం సగం ఉండాలి. ఆ ముద్ర కనబడని చక్రాన్ని ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. మధ్య రంధ్రం హబ్ (ఇరుసు చివర చక్రం బిగించే భాగం) మీద బిగుతుగా కూర్చోవాలి, లేకపోతే బండి బరువంతా బోల్టుల మీద వేలాడుతుంది, హైవే మీద స్టీరింగు వణుకుతుంది. ఆఫ్‌సెట్, అంటే చక్రం మధ్యరేఖ నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత జరిగి ఉందన్న కొలత, కంపెనీ చక్రానికి దగ్గరగా ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు చూపుకు దర్జాగా ఉంటాయేమో కాని, గాలిని చెదరగొట్టి రేంజి తింటాయి, రాళ్లను తలుపుల మీదకు విసురుతాయి. బిగించేటప్పుడు బిగింపు బలాన్ని చూపే టార్క్ రెంచితో ఫోర్డు చెప్పిన 150 పౌండ్-అడుగులకు బిగించి, వంద మైళ్లలోపు మళ్లీ ఒకసారి సరిచూడాలి.

చక్రం పెద్దదైతే ఏం పోతుందో లైట్నింగ్ అంకెలలోనే ఉంది. 2022 నమూనాలో పెద్ద బ్యాటరీతో లారియట్‌కు ఈపీఏ ఇచ్చిన రేంజి 320 మైళ్లు, 22 అంగుళాల చక్రాలతో వచ్చే ప్లాటినంకు 300. ఆ ఇరవై మైళ్లూ చక్రాల వల్లే పోయాయనడం న్యాయం కాదు, ప్లాటినంలో హంగుల బరువు కూడా ఉంది. అయినా పెద్ద వాటా చక్రాలదే అని నా అంచనా. షెవర్లే సిల్వరాడో ఈవీకి కంపెనీయే 24 అంగుళాల చక్రాలు బిగించి 440 మైళ్లు చూపించలేదా అని కొందరు అడుగుతారు. చూపించింది. ఆ బండి మోసే బ్యాటరీ అంత పెద్దది మరి.

ప్రశ్న: టైరు మీద ‘ఈవీ’ (విద్యుత్ వాహనం) అని రాసి ఉన్నదే కొనాలా? మామూలు టైరు వేస్తే వారంటీ పోతుందా? ధరలో వంద డాలర్ల తేడా ఉంది.
— ఒక పాఠకురాలు, కేరీ, నార్త్ కరొలైనా

జవాబు: ‘ఈవీ టైరు’ అన్నదానికి చట్టంలో నిర్వచనం లేదు. తయారీదారు తనకు తోచిన అర్థంలో వాడుకొనే మాట అది. టోయో కంపెనీ ఓపెన్ కంట్రీ ఏ/టీ 3 టైరుకు ఈవీ రూపం తెచ్చింది, పిరెల్లి కొన్ని టైర్ల మీద ఎలెక్ట్ అని ముద్రిస్తుంది. మంచి ఈవీ టైరులో ఉండవలసినవి తగిన లోడ్ ఇండెక్సు, తక్కువ దొర్లుడు నిరోధం, మోటారు బలాన్ని ఓర్చుకొనే గట్టి రబ్బరు, చప్పుడు తక్కువ చేసే గడుల అమరిక. ఈ లక్షణాలన్నీ ఆ మాట రాయని టైరులో కూడా ఉండవచ్చు. పలకలోని కొలతకూ ఇండెక్సుకూ తగ్గని టైరు వేసినంత మాత్రాన బండి వారంటీ గురించి భయపడనవసరం లేదు.

అసలు చిక్కు ఏమిటంటే, దొర్లుడు నిరోధాన్ని చూపించే చీటీ అమెరికాలో టైరు మీద తప్పనిసరి కాదు. అక్కడి టైరుపై కనిపించే యూటీక్యూజీ అంకెలు అరుగుదల, తడి రోడ్డు మీద పట్టు, వేడిని తట్టుకోవడం అనే మూడింటినే చెబుతాయి, అవీ ఎల్‌టీ టైర్లకు వర్తించవు. ఐరోపాలో అమ్మే టైర్లకు మాత్రం ఎ నుంచి ఇ వరకు ఇంధన తరగతి ముద్రిస్తారు. మీరు చూస్తున్న టైరు అక్కడ కూడా దొరికితే ఆ తరగతి చూడటం ఒక ఉపాయం. కొలత మారితే రబ్బరు మిశ్రమం కూడా మారవచ్చు కనుక దాన్ని సూచనగానే తీసుకోండి. 2006లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి నివేదిక దొర్లుడు నిరోధం పదో వంతు తగ్గితే పెట్రోలు కార్ల మైలేజి ఒకటి నుంచి రెండు శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. ఇంజను వేడిగా వృథా చేసే శక్తి విద్యుత్ బండిలో ఉండదు కాబట్టి, మొత్తం ఖర్చులో టైరు వాటా అంతకంటే పెద్దది. బండితో వచ్చిన టైర్లను కంపెనీ రేంజి కోసమే ఏరికోరి పెడుతుంది. వేరే ఏ టైరు వేసినా మొదటి రోజే కొన్ని మైళ్లు తగ్గినట్టు కనబడటం అందువల్లనే. అందులో కొంత భాగం కొత్త గడుల లోతు వల్ల కూడా వస్తుంది, అవి కొంచెం అరిగాక నిరోధం తగ్గుతుంది.

ఆ వంద డాలర్ల విషయానికొస్తే, మీరు ఏడాదికి పదిహేను వేల మైళ్లు తిరుగుతూ ఇంట్లోనే చార్జింగు పెట్టుకొంటే మూడు నాలుగు శాతం రేంజి తేడా కరెంటు బిల్లులో పెద్దగా తెలియదు. దారి చార్జర్ల మీద ఆధారపడే దూరప్రయాణికులకే అది డబ్బుకు తగిన సరుకు.

ప్రశ్న: టైరులోపల స్పాంజి అతికించి ఉందని, పంక్చరు వేయలేమని అంగడివాళ్లు అంటున్నారు. కొత్త టైరే కొనాలా?
— ఒక పాఠకుడు, సాన్ హోసే, కాలిఫోర్నియా

జవాబు: అవసరం లేదు. ఆ స్పాంజి చప్పుడు తగ్గించడానికి పెట్టింది. మేకు టైరు నేలకు ఆనే నడక భాగంలోనే దిగి, రంధ్రం పావు అంగుళానికి మించకపోతే, టైరును రిమ్ము నుంచి విప్పి, ఆ చోట స్పాంజిని చేయివెడల్పున కోసి తీసేసి, లోపలినుంచి ప్యాచీ, రంధ్రంలో ప్లగ్గూ రెండూ వేయవచ్చు. తర్వాత బ్యాలెన్సింగు చేయించాలి. భుజం మీద గాని, సైడ్‌వాల్‌లో గాని దిగితే మాత్రం అంగడివాళ్ల మాటే నిజం. బయటినుంచి తాడులాంటి ప్లగ్గు గుచ్చి పంపిస్తే అది ఇంటికి చేరడానికే తప్ప శాశ్వతం కాదు.

ప్రశ్న: అయ్యా, మా ఆర్1టికి ఉన్న ఆల్-సీజన్ టైర్ల మీద ఎం+ఎస్ (బురద, మంచు) అని ఉంది. నాలుగు చక్రాలకూ మోటార్లున్నాయి కదా, మంచు టైర్లు ఎందుకని మావారు అంటున్నారు. మాకు జనవరిలో సున్నా ఫారెన్‌హీట్ కిందికి వెళ్తుంది.
— ఒక పాఠకురాలు, మిన్నియాపోలిస్, మిన్నెసోటా

జవాబు: నాలుగు మోటార్లు బండిని కదిలించడానికి సాయం చేస్తాయి. ఆపడానికీ, మలుపు తిరగడానికీ ఉన్నది టైరు పట్టు ఒక్కటే. ఏడు వేల పౌన్లు దాటిన బండి మంచుగడ్డ మీద జారడం మొదలుపెడితే ఎన్ని మోటార్లున్నా ఒకటే. ఎం+ఎస్ అన్న గుర్తుకు ఏ పరీక్షా అవసరం లేదు, గడుల మధ్య ఖాళీ ఫలానా పాళ్లలో ఉంటే చాలు. మూడు శిఖరాల మధ్య మంచుపువ్వు గుర్తు అలాంటిది కాదు. అణిగిన మంచు మీద, ప్రామాణిక టైరు పట్టును 100 అనుకుంటే కనీసం 110 రావాలి. అయితే ఆ పరీక్ష కూడా ముందుకు కదిలే పట్టునే కొలుస్తుంది, బ్రేకును గాని గడ్డకట్టిన మంచును గాని కొలవదు. మీ ఊరి జనవరికి ఆ గుర్తున్న ఆల్-టెర్రైన్ టైరు కూడా చాలదు. చలిలో మెత్తగా నిలిచే రబ్బరుతో చేసిన అసలైన మంచు టైర్లే వేయించండి. వాటికి వేరే రిమ్ములు, గాలి సెన్సర్లు కొని ఒక సెట్టుగా ఉంచుకొంటే ఏటా రెండుసార్లు టైరు విప్పి ఎక్కించే ఖర్చు తప్పుతుంది. ఆ చలికాలపు రిమ్ము కొంచెం చిన్నదైనా మంచిదే, బ్రేకు కాలిపర్‌కు తగలకుండా కూర్చుంటుందో లేదో ముందు చూసుకోవాలి.

గాలి సంగతి మరువకండి. ప్రతి పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కు ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ మారుతుంది. డెబ్బై డిగ్రీల గ్యారేజీలో 48కి నింపిన టైరు, మైనస్ పది డిగ్రీల రాత్రి బయట నిలబెడితే దాదాపు 40కి దిగుతుంది. దొర్లుడు నిరోధం పెరుగుతుంది, మోసే శక్తి తగ్గుతుంది. చలికాలంలో రేంజి పడిపోవడానికి హీటరునే తిట్టుకొంటాం కాని దోషులలో ఈ ఎనిమిది పీఎస్ఐలు కూడా ఉన్నాయి. జారుడు రోడ్డు మీద రీజెన్ బ్రేకింగును తగ్గించి పెట్టుకోమని మీవారికి చెప్పండి.

ప్రశ్న: అయ్యా, మీరు రాసే పెద్ద ట్రక్కులు మా దగ్గర లేవు. నా దగ్గర కూరగాయలు, కిరాణా సరుకు వేసే చిన్న నాలుగు చక్రాల విద్యుత్ బండి ఉంది. వెనక టైర్లు అరిగితే రీట్రెడ్ (పాత టైరు మీద కొత్త రబ్బరు పొర) వేయిస్తే డబ్బు మిగులుతుందని డ్రైవరు అంటున్నాడు. కొన్న కొత్తలో వచ్చిన కిలోమీటర్లు ఇప్పుడు రావడం లేదు.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: టాటా ఏస్ ఈవీ 2022లో వచ్చినప్పటినుంచి మన ఊళ్లలో ఇలాంటి బండ్లు పెరుగుతున్నాయి కాబట్టి మీ ప్రశ్న ఇక్కడికి తగినదే. లెక్క పెద్ద ట్రక్కుదే, అంకెలు చిన్నవి. కొత్త గడులున్న రీట్రెడ్ టైరు సాధారణంగా బరువుగా, ఎక్కువ నలుగుడుతో దొర్లుతుంది. డీజిలు బండిలో ఆ నష్టం కంటికి కనబడదు, చిన్న బ్యాటరీ ఉన్న బండిలో సాయంత్రానికి నాలుగు ట్రిప్పులు మూడైనప్పుడు కనబడుతుంది. టైరు మీద మిగిల్చిన డబ్బు ఆ పోయిన ట్రిప్పుతో పోల్చి చూడండి. ముందు చక్రాలకు మాత్రం రీట్రెడ్ వద్దు.

అయితే మీ కిలోమీటర్లు తగ్గడానికి టైరును అనుమానించేముందు గాలినీ, బరువునూ చూడాలి. ఎల్‌టీ టైరుకు పలకలో రాసిన ఒత్తిడి కారు టైరు కంటే బాగా ఎక్కువ ఉంటుంది. బంకు దగ్గర కుర్రవాడు అలవాటుగా కారుకు కొట్టినంత కొట్టి పంపిస్తే రోజంతా సగం గాలితో లాగినట్టే. పొద్దున్నే, బండి కదలకముందు, మీ సొంత గేజితో చూడండి. ఆ తర్వాత మార్కెట్ యార్డు దగ్గర నిండు సరుకుతో ఒకసారి కాటా వేయించి, ఖాళీ బండి బరువు తీసేసి, ఆర్‌సీలో రాసిన బరువుతో పోల్చుకోండి.